గాలిలో నిలబెట్టడం: రిమోట్ హెలికాప్టర్ నేర్చుకుంటున్నవారితో నాలుగు మాటలు

అందరికీ నమస్కారం.

ఇక్కడ చాలామంది ఒళ్లో పెట్టెలు కనిపిస్తున్నాయి. మూతలు తీయకపోయినా లోపల ఏమున్నాయో నాకు తెలుసు. వంగిన తోక గొట్టాలు, పళ్లు ఊడిన గేర్లు, కొసలు చిట్లిన రెక్కలు. కొన్ని పెట్టెలు నెలల తరబడి మూలన పడి ఉండి, ఈ సమావేశం సంగతి తెలిశాక దుమ్ము దులిపించుకుని వచ్చి ఉంటాయి. అలాంటి పెట్టె తెచ్చినవారితోనే నేను ఇవాళ ముఖ్యంగా మాట్లాడాలనుకుంటున్నాను.

నన్ను పట్టుదల గురించి చెప్పమన్నారు. పట్టుదల అనగానే మనకు పళ్ల బిగువున అదే పనిని మళ్లీ మళ్లీ చేయడం గుర్తుకొస్తుంది. పడిన చోటే లేచి, అదే దెబ్బకు మళ్లీ సిద్ధపడటం గుర్తుకొస్తుంది. నేనూ మొదట్లో అలాగే అనుకుని చాలా నష్టపోయాను. హెలికాప్టర్ నాకు నేర్పిన పట్టుదల వేరు. పడినప్పుడు ఒక మెట్టు దిగాలి, అక్కడ నిలదొక్కుకోవాలి, ఆ తర్వాతే ఎక్కాలి. వినడానికి తేలికగా ఉంటుంది కానీ, దిగడానికి మనసు ఒప్పుకోదు. నా వరకు అన్నిటికంటే కష్టమైన పాఠం అదే.

ముందుగా, ఇది ఎందుకింత కష్టమో చూద్దాం. కష్టం ఎక్కడుందో తెలియకపోతే మనిషి తన చేతిని తానే తిట్టుకుంటూ కూర్చుంటాడు. నేర్చుకునేవారి కోసం చేసిన రిమోట్ విమానం గాలిలో కాస్త వంగినా, చేతిలోని ట్రాన్స్‌మిటర్ స్టిక్కులు వదిలేస్తే చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది. ఫొటోలు తీసే డ్రోను అయితే చేతులు తీసేసినా ఉన్నచోట నిలబడుతుంది, దాని లోపలి కంప్యూటర్ దాన్ని నిటారుగా ఉంచుతుంది. హెలికాప్టర్‌కు ఆ సుగుణం లేదు. కుడివైపు కొంచెం వంచి స్టిక్ వదిలేశారనుకోండి, వంపు అలాగే ఉండిపోతుంది. వంపు ఉన్నంతసేపూ అది అటే జారుతుంది, జారేకొద్దీ వేగం పెరుగుతుంది. బోర్లించిన గిన్నె మీద గోలీని నిలబెట్టడం లాంటి పని ఇది. గోలీ ఒక్క క్షణం కూడా తనంతట తాను నిలవదు. నిలిచినట్టు కనిపించిందంటే, మీ వేలు ఆపకుండా సర్దుతోందని అర్థం.

దీనికి తోడు, ఏ ఒక్కటి కదిపినా ఇంకొకటి కదులుతుంది. మన మోడళ్లలో ఎక్కువ వాటికి పెద్ద రోటర్, అంటే పైన తిరిగే రెక్కల జత, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది. దానికి ప్రతిగా ఒళ్లు ఎదురు దిశలో తిరగబోతుంది. తోక రోటర్ గాలిని నెట్టి దాన్ని ఆపుతుంది. అయితే ఆ నెట్టుడుకే హెలికాప్టర్ మొత్తం ఎడమకు జరుగుతుంది. అందుకే నేల విడిచే క్షణంలో మీ హెలికాప్టర్ ఎడమకు జారుతుంది, గాలిలో నిలిచినప్పుడు కుడికి కాస్త ఒరిగి ఉంటుంది. తిన్నగా లేదని బెంగపడి దాన్ని తిన్నగా చేయబోయిన కొత్తవారిని ఎందరినో చూశాను. ఆ ఒరగడం దాని సహజ స్థితి. దాన్ని అలాగే ఉండనివ్వండి.

ఇక చేతి సంగతి. హెలికాప్టర్ ఎడమకు జారుతోంది. మీరు కుడికి స్టిక్ ఇస్తారు. జారడం తగ్గుతుంది. ఇక్కడితో పని అయిపోయిందని చెయ్యి అనుకుంటుంది. కాలేదు. ఇప్పుడు హెలికాప్టర్ కుడికి వంగి ఉంది. మరుక్షణం కుడికి బయలుదేరుతుంది. అది బయలుదేరకముందే ఎడమకు చిన్న తోపు ఇచ్చి వంపు తీసేయాలి, ఆ తోపును కూడా సరైన సమయానికి ఆపాలి. ఒక్క సవరణలో మూడు పనులున్నాయి. మొదటి పని ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకుంటారు. రెండోదీ మూడోదీ వేళ్లకు ఎక్కడానికి వారాలు పడుతుంది. ఈ వారాల్లోనే చాలామంది చేతులెత్తేస్తారు.

నాకు ఉపకరించిన మాట ఒకటి చెబుతాను. హెలికాప్టర్ ఎక్కడుందో చూడటం మానేసి, తిరుగుతున్న రోటర్ పళ్లెం ఎటు వంగిందో చూడండి. వంపు ముందు వస్తుంది, జారడం తర్వాత వస్తుంది. జారడం చూసి సవరించేవాడు ఎప్పుడూ అర సెకను వెనకే ఉంటాడు. వంపు చూసి సవరించేవాడికి ఆ అర సెకను చేతిలో ఉంటుంది.

ఎత్తు గురించి కూడా చెప్పాలి. పడితే తక్కువ దెబ్బ తగులుతుందని కొత్తవారు నేలకు జానెడు ఎత్తులో ఎగరేస్తారు. నేలకు సుమారు ఒక రోటర్ వ్యాసం లోపు ఎత్తులో, కిందకు తోసిన గాలి నేలను తాకి చెదురుతుంది. హెలికాప్టర్ తన గాలి మీద తానే జారుతూ, నూనె పూసిన పలక మీద నిలబడ్డట్టు ఉంటుంది. ఛాతీ ఎత్తుకు తీసుకెళ్లండి, ఒక్కసారిగా కుదుటపడుతుంది. భయం చెప్పే ఎత్తు, నేర్చుకోవడానికి పనికొచ్చే ఎత్తు ఒకటి కావు.

అసలు హెలికాప్టర్ చరిత్రంతా ఇలాంటి నెమ్మది ప్రయాణమే. ఇగోర్ సికోర్‌స్కీ పేరు మీరు వినే ఉంటారు. 1909లో కీవ్‌లో ఆయన తన మొదటి హెలికాప్టర్ కట్టారు. అది లేవలేదు. 1910లో రెండోది కట్టారు. అది తన బరువును తాను మోయగలిగింది, మనిషిని మోయలేకపోయింది. అప్పుడాయన ఏం చేశారు? మూడోది కట్టలేదు. తన కాలానికి ఇది అందదని తెలుసుకుని విమానాల వైపు వెళ్లారు. వాటిలో పేరు తెచ్చుకున్నారు, దేశం మారారు, దాదాపు ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ హెలికాప్టర్ దగ్గరికి వచ్చారు. 1939 సెప్టెంబరు 14న అమెరికాలో ఆయన కట్టిన వీఎస్-300 హెలికాప్టర్ నేల విడిచింది. ఎలా విడిచిందో గమనించండి. దాన్ని తాళ్లతో నేలకు కట్టి ఉంచారు. కొన్ని సెకన్లు లేచింది, దిగింది. లోపల కూర్చుని నడిపింది ఆయనే. నేర్పడానికి గురువు లేడు. యంత్రాన్ని కడుతూ, దాన్ని నడపడాన్ని కూడా తానే నేర్చుకున్నారు. ఆ డిసెంబరులో గాలి వీచి అది తిరగబడింది, బాగా దెబ్బతింది. మళ్లీ కట్టారు, తోక అమరికను ఎన్నోసార్లు మార్చారు. కొంతకాలం అది వెనక్కీ పక్కలకూ బాగానే వెళ్లేది కానీ ముందుకు సరిగా వెళ్లేది కాదు. తాళ్లు విప్పి స్వేచ్ఛగా ఎగరేసింది 1940 మే 13న. 1941 మేలో గంటన్నరకు పైగా గాలిలో నిలిపి రికార్డు నెలకొల్పారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మనలో కొందరు శిక్షణ కాళ్లు తగిలించుకోవడానికి మొహమాటపడతారు. హెలికాప్టర్ నేల మీద ఆనే స్కిడ్ల కింద అడ్డంగా కట్టే పొడవాటి కడ్డీలు, వాటి కొసలకు బంతులు, తెలుసు కదా. వాటిని చూసి పక్కవారు ఏమనుకుంటారోనని తీసేసి, మొదటి రోజే రెక్కలు విరగ్గొట్టుకుంటారు. ఈనాటి హెలికాప్టర్‌కు దారి వేసిన మనిషే తన యంత్రాన్ని ఎనిమిది నెలలు తాళ్లతో కట్టి ఉంచారు. ఆ కడ్డీలు మీకు అవసరం లేదని మీ చేతులే చెప్పేవరకు వాటిని ఉంచండి.

మన బుల్లి హెలికాప్టర్ల కథా అలాంటిదే. జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ 1970లో రేడియోతో నడిచే హెలికాప్టర్‌ను దాదాపు 28 నిమిషాలు గాలిలో ఉంచారు. తోక తిరిగిపోకుండా చూసే ఈనాటి ఎలక్ట్రానిక్ గైరోలు ఏవీ అప్పటికి లేవు. తోకను కూడా మనిషి చేతితోనే క్షణక్షణం పట్టుకోవాలి. ఇవాళ ఆ పని చిన్న చిప్ చేసిపెడుతోంది. తోక పట్టుకునే భారం మన మీద లేదు. మిగిలిన భారం మాత్రం ఆనాటిదే.

నా సంగతికి వస్తాను. నేను నేర్చుకోవడం మొదలుపెట్టిన మూడు వారాలకు, తోక నావైపు ఉంచి హెలికాప్టర్‌ను ఒకచోట నిలబెట్టగలిగాను. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. ఆ సాయంత్రం మూడు బ్యాటరీలు అయ్యేదాకా చక్కగా ఎగిరింది. నాలుగోది మిగిలింది. వేళ్లు అలిసిపోయాయి, వెలుతురు తగ్గుతోంది, అయినా ఇంకొక్క బ్యాటరీ అనుకున్నాను. గాలి తాకి ముక్కు మెల్లగా నావైపు తిరిగింది. హెలికాప్టర్ నా మీదికి రావడం మొదలుపెట్టింది. మీదికి వచ్చేదాన్ని మనిషి ఏం చేస్తాడు? దూరంగా నెడతాడు. నా బొటనవేలు స్టిక్‌ను ముందుకు నెట్టింది. ముక్కు నావైపు ఉన్నప్పుడు స్టిక్‌ను ముందుకు నెట్టడమంటే ఇంకా వేగంగా నావైపు రమ్మని చెప్పడమే. నాకు నాలుగడుగుల దూరంలో అది నేలను కొట్టింది. గేరు పళ్లు రాలి గడ్డిలో ఇసుకలా పడ్డాయి.

రెండు సాయంత్రాలు కూర్చుని బాగుచేశాను. ఆ బాగుచేయడంలో ఒక పని ఇప్పటికీ నా కళ్ల ముందుంది. రెండు రెక్కల పట్టులను కలుపుతూ రోటర్ తల గుండా వెళ్లే సన్నని ఇరుసు ఉంటుంది. పడినప్పుడు మొదట వంగేది అదే. చేతిలో పట్టుకుని చూస్తే నిటారుగానే కనిపిస్తుంది. ఒక అద్దం పలక మీద పెట్టి, వెనక దీపం ఉంచి, కళ్లను పలక ఎత్తుకు దించి, వేలితో మెల్లగా దొర్లించాలి. నిటారు ఇరుసు కింద వెలుగు గీత కదలకుండా ఒకేలా ఉంటుంది. వంగిన ఇరుసు కింద ఆ గీత కనురెప్పలా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. నా ఇరుసు వెంట్రుక మందమే వంగింది. ఆ వెంట్రుక మందాన్ని వదిలేస్తే హెలికాప్టర్ వణుకుతుంది, ఆ వణుకుకు గైరో తికమకపడుతుంది, తోక నిలవదు. అప్పుడు మనం ఏమనుకుంటాం? మన చెయ్యి పనికిరాదనుకుంటాం.

దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. ‘నాకు రావడం లేదు’ అని నా దగ్గరికి వచ్చినవారిలో చాలామంది విషయంలో లోపం చేతిలో లేదు, యంత్రంలో ఉంది. వంగిన ఇరుసు, అరిగిన లింకు (రెక్క వాలును మార్చే చిన్న కడ్డీ), రెండు దారుల్లో తిరుగుతున్న రెక్కలు. రెక్కల కొసలకు రెండు రంగుల టేపు అంటించి తిప్పి, దూరంగా నిలబడి పక్క నుంచి చూడండి. రెండు రంగులూ ఒకే గీతలో కలవాలి. వేర్వేరుగా కనిపిస్తే లింకు సర్దాలి. అన్నిటికంటే మంచి మార్గం, చెయ్యి తిరిగినవారి చేత మీ హెలికాప్టర్‌ను ఒకసారి ఎగరేయించడం. వారి చేతిలో కూడా అది వణికితే మీరు హాయిగా నిద్రపోవచ్చు.

బాగుచేసిన మర్నాడు నేను చేసిన పని చెబుతాను. నేరుగా అదే మైదానానికి వెళ్లి, అదే చోట నిలబడి, ముక్కు నావైపు తిప్పాను. మొన్న ఓడిన చోటే ఇవాళ గెలవాలన్న పంతం. ఒక్క నిమిషం కూడా నిలవలేదు. ఈసారి నిలువు ఇరుసు, తోక గొట్టం, రెండు రెక్కలు పోయాయి. ఇంటికి వచ్చి పెట్టె మూసేశాను. పది రోజులు దాని వైపు చూడలేదు. మీ పెట్టెలు మూతపడిన రోజులు ఎలా ఉంటాయో నాకు తెలిసింది అలాగే.

మళ్లీ తెరిచినప్పుడు ముక్కు జోలికి వెళ్లలేదు. శిక్షణ కాళ్లు మళ్లీ తగిలించి, తోక నావైపే ఉంచి, మొదటి రోజులా ఎగరేశాను. వారం పాటు అంతే. ఆ వారంలో ఏమీ సాధించలేదని మనసు గొణుగుతూనే ఉంది. కానీ వేళ్లలోని బిగువు సడలింది. తర్వాత తోకను పూర్తిగా పక్కకు తిప్పలేదు, నాలుగో వంతులో సగం, అంటే 45 డిగ్రీలు తిప్పి అక్కడ నిలబెట్టడం నేర్చుకున్నాను. అది చేతికొచ్చాక ఇంకో 45. గుండ్రంగా చూస్తే ఇలాంటి స్థానాలు ఎనిమిది. ప్రతి స్థానంలోనూ మనిషి మళ్లీ కొత్తవాడే. తోక మనవైపు ఉంటే ఎంత నేర్పు ఉన్నా, ముక్కు మనవైపు తిరిగాక ఆ నేర్పు సగమే పనికొస్తుంది. ఇది తెలియక చాలామంది తమకు వచ్చిన విద్య పోయిందనుకుంటారు. పోలేదు. అది ఇంకో దిక్కున ఇంకా మొలవలేదు, అంతే.

సిమ్యులేటర్ గురించి రెండు మాటలు. కంప్యూటర్‌లో ఎగరేస్తే లాభమేమిటని అడిగేవారు ఉంటారు. నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది. అది లేకుండా హెలికాప్టర్ నేర్చుకోవడం ఈ రోజుల్లో అనవసరమైన శిక్ష. పడితే ఒక బటన్ నొక్కితే చాలు, మళ్లీ లేస్తుంది. అయితే మీ సొంత ట్రాన్స్‌మిటర్‌నే దానికి తగిలించండి, స్టిక్కుల అమరిక ఒకటే ఉండాలి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం కన్నా రోజూ ఇరవై నిమిషాలు ఎక్కువ పని చేస్తుంది. చేతి విద్యలు నేర్చుకున్న తర్వాత, నిద్రలో మెదడు వాటిని గట్టిపరుచుకుంటుందని శాస్త్రజ్ఞులు చూపించారు. నాకూ అది అనుభవమే. రాత్రి కుదరనిది పొద్దున మొదటి ప్రయత్నంలోనే కుదిరిన రోజులున్నాయి. సిమ్యులేటర్ నేర్పలేనిది ఒక్కటే, మోకాళ్ల వణుకు. అది మైదానంలోనే తగ్గాలి.

[సభలో ఒకరి ప్రశ్న: ‘రెండు నెలలుగా తోక నావైపు ఉంచి బాగానే నిలబెడుతున్నాను. అంతకు మించి కదలడం లేదు. ఇక నా వల్ల కాదేమోనండీ.’]

అడిగినందుకు సంతోషం. ముందు ఒక మాట అడుగుతాను. నిలబెట్టినప్పుడు హెలికాప్టర్ ఎంత జాగాలో తిరుగుతోంది? రెండు మీటర్ల లోపేనా? అయితే మీకు పునాది పడింది. మీరు ఆగిపోయింది నేర్పు లేక కాదు, ముక్కు తిప్పితే పడుతుందన్న భయంతో. ఒకేసారి పక్కకు తిప్పకండి. ముక్కును కొంచెం కుడికి తిప్పి, మూడు లెక్కపెట్టి, తిరిగి తెచ్చేయండి. రేపు ఐదు లెక్కపెట్టండి. తిరిగి తేవడం మీ చేతిలో ఉందని వేళ్లకు తెలిస్తే భయం తగ్గుతుంది. మీ హెలికాప్టర్‌లో తనంతట తాను నిటారుగా నిలిపే రక్షణ స్విచ్చు ఉంటే వాడుకోండి, అందులో తప్పు లేదు. ముక్కు మీవైపు తిరిగే దశ వచ్చినప్పుడు ఈ చిట్కా గుర్తుంచుకోండి. అది ఎటు ఒరుగుతోందో స్టిక్‌ను అటే నెట్టండి, కుంగుతున్న గోడకు ఊతం పెట్టినట్టు. మీ మీదికి వస్తుంటే స్టిక్‌ను మీవైపే లాగండి. మొదటి రోజుల్లో ఈ ఊతం పనికొస్తుంది. కొన్నాళ్లకు చిట్కా ఆలోచించే వ్యవధి ఉండదు, అప్పుడు మీరు హెలికాప్టర్ లోపల కూర్చున్నట్టు చూడటం మొదలవుతుంది. అది ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పలేం, నాకు ఐదో నెలలో వచ్చింది.

ఇంకొకటి. ఆకాశంలో హెలికాప్టర్లను తలకిందులు చేసి గింగిరాలు తిప్పే వీడియోలు చూసి డీలా పడకండి. వాటిని చూడండి, ఆనందించండి. ఆ చేతుల వెనక ఎన్ని వేల బ్యాటరీలు ఖర్చయ్యాయో మనకు కనిపించదు. మీ పుస్తకంలో మీ లెక్క రాసుకోండి. నా దగ్గర ఇప్పటికీ ఆ పుస్తకం ఉంది. ప్రతి బ్యాటరీకి ఒక పంక్తి: ఏ స్థానం, ఎంతసేపు, ఏమైంది. నేను కదలడం లేదని ఏడ్చిన నెలలో ఏం రాశానో తర్వాత చూస్తే, మొదటి వారంలో పది సెకన్లు, చివరి వారంలో రెండు నిమిషాలు. కదలిక ఉంది, నాకే కనిపించలేదు.

భద్రత గురించి చెప్పకుండా మిమ్మల్ని పంపలేను. 450 తరగతి అనే చిన్న సైజు హెలికాప్టర్ రోటర్ వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు. నిమిషానికి 2,800 సార్లు తిరిగితే రెక్క కొస గంటకు 370 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పెద్ద తరగతి హెలికాప్టర్లు మనుషుల ప్రాణాలు తీసిన సంఘటనలు ఉన్నాయి. పది మీటర్ల దూరం పాటించండి. పిల్లలను మీ వెనకే నిలబెట్టండి, ముందు వద్దు. మోటారు ఆపే స్విచ్చు మీద వేలు చీకట్లో కూడా పడేలా సాధన చేయండి. పడబోతోందని తెలిసిన క్షణంలో హెలికాప్టర్‌ను కాపాడాలని చూడకండి, మోటారు ఆపండి. ఆగిన రోటర్ నేలను తాకితే రెక్క పోతుంది. తిరుగుతున్న రోటర్ తాకితే అన్నీ పోతాయి.

‘ఇంకొక్క బ్యాటరీ’ అనిపించినప్పుడు ఆపేయండి. వేళ్లు బాగున్నప్పుడు దింపితే, మర్నాడు ఆ బాగున్న వేళ్లతోనే మైదానానికి వస్తారు. నేను నాలుగో బ్యాటరీ కోసం పోగొట్టుకున్నది రెండు సాయంత్రాల పని, ఆ తర్వాత పంతానికి పోగొట్టుకున్నది పది రోజుల ఉత్సాహం.

ముక్కు నావైపు పెట్టి మొదటిసారి నిలబెట్టిన రోజు చెప్పి ముగిస్తాను. పొద్దున్నే, గాలి లేదు. గడ్డి మీద మంచు ఉంది, రోటర్ గాలికి ఆ మంచు నీళ్లు చుట్టూ సన్నటి తుంపరగా లేస్తున్నాయి. హెలికాప్టర్ ముఖం నాకెదురుగా ఉంది. అది కొంచెం నావైపు వంగింది. నా బొటనవేలు స్టిక్‌ను నావైపే లాగింది. లాగమని నేను చెప్పలేదు. లాగిందని తర్వాత తెలిసింది. అది ఆగింది, ఆగి అక్కడే ఉంది. టైమరు మోగేవరకు అలాగే నిలబెట్టి, దింపి, మోటారు ఆపి, రెక్కలు పూర్తిగా నిలిచేదాకా చూస్తూ ఉన్నాను. పుస్తకంలో ఆ రోజు పంక్తి: ‘ముక్కు, నాలుగు నిమిషాలు, ఏమీ కాలేదు.’

బయట గాలి తగ్గినట్టుంది. పెట్టెలు తెరవండి. అద్దం పలక ఆ బల్ల మీద పెట్టాను, దీపం కూడా ఉంది. ముందు ఇరుసులు దొర్లించి చూసుకుందాం. శిక్షణ కాళ్లు కావాలన్నవారికి నా దగ్గర నాలుగు జతలు ఉన్నాయి.